కింది కాయితం

రైల్వేస్టేషన్ ఎదురు లాడ్జికి పేరు మార్చినప్పుడు
పాత పేరున్న రసీదు పుస్తకాలు పదో పన్నెండో
మా ఆయన సంకన పెట్టుకొచ్చినాడు.
రూము నెంబరు అన్నచోట నేను తేదీ రాస్తా.
వచ్చిన వేళ, ఖాళీ చేసిన వేళ అన్న గళ్లలో
జీతం వచ్చిన రోజు, అయిపోయిన రోజు.
ఆ రెండో గడి
ఒక్క నెలన్నా ఇరవై దాటింది లేదు.

నీలం కార్బన్ పెట్టి నొక్కి రాస్తా.
పైది అంగడికి, కిందిది నాకు.
ఆర్ముగం లెక్క తప్పడు గానీ
తప్పినప్పుడల్లా ఆయన వైపుకే తప్పుతాడు.

కందిబేడలు కిలో. ఎర్రగడ్డలు రెండు కిలోలు.
చెనిగ్గింజలు అరకిలో, ఊరిబిండికి.
రాగిపిండి. నెయ్యి. కాఫీ పొడి. గంధం సబ్బు.
అత్తకు హార్లిక్స్.
నీళ్ల ట్యాంకరులో మా వంతు.
రెడ్డెమ్మ చీటీ, పదిహేను వందలు.
దాము బడి ఫీజు, రెండో కంతు.
చీటీలూ ఫీజులూ ఆర్ముగం అమ్మడని తెలుసు.
అయినా రాస్తా.
రాయకపోతే అవి రాత్రిపూట
నా తలకాయలో గట్టిగా మాట్లాడుకుంటాయి.

రాసినాక కార్బన్ తీసేస్తా.
అప్పుడు మొదలు, గీతలు.
కిలో అరకిలో అవుతుంది,
నెయ్యి పోతుంది, హార్లిక్స్ పోతుంది.
కాఫీ పొడి అని రాసేటప్పుడే
గీత యాడ పడుతుందో చేతికి తెలుసు.
కొండకు జనం తగ్గితే
జీవకోనలో మా ఇంట్లో చారు పలచబడుతుంది.
గదులు నిండితేనే ఆయన చేతిలో పదో యాభయ్యో.
పరీక్షల నెలల్లో యాత్రికులు రారు,
ఫీజులు మాత్రం ఆ నెలల్లోనే వస్తాయి.

గీతలన్నీ పై కాయితానికే.
కింద మాత్రం
అడిగినవి అడిగినట్టే, నీలంగా.

మొన్న ఆదివారం
కరెంటు పోయిన చీకట్లో
దాము చేతికి కింది కాయితం ఇచ్చి పంపినా.

సైకిలు హ్యాండిలుకు చెరోపక్క సంచి,
పందెం గెలిచినోడి మాదిరి వచ్చినాడు.
"అమ్మా, ఈసారి అన్నీ ఇచ్చేసినాడే!"
బండ మీద పరిచినాడు ఒక్కొక్కటే.
చివర్న బిల్లు:
పదకొండు వందల నలభై, ఖాతాలో.

గోడ పట్టుకొని వచ్చింది అత్త.
హార్లిక్స్ సీసా మూత తడిమి చూసి
గొంతు తగ్గించి అడిగింది:
"ఎవురొస్తాండారే ఇంటికి?"

నాకు జవాబు రాలేదు.
కరెంటు వచ్చింది.

వాడి వెనకాలే సంచులు మోసుకొని అంగడికి పోయినా.
ఆర్ముగం చెవి మీది పెన్సిలు తీసి
ఒక్కొక్కటే వెనక్కి తీసుకొని కొట్టేస్తున్నాడు,
గీతలు నాకంటే తిన్నగా గీస్తాడు.
కాఫీ పొట్లం దగ్గర ఆగినాడు.
"విప్పినట్టుందే?"
"అబ్బోడు విప్పినాడు" అన్నా.
దాము నా మొహంలోకి చూసినాడు.
చూసి, నోరు మూసుకున్నాడు.
"పోనీలేమ్మా" అన్నాడు ఆర్ముగం,
ఆ ఒక్కటి మాత్రం కొట్టెయ్యలేదు.

తెల్లారుజామున
కొండ దోవలో బస్సుల దీపాలు ఇంకా పాకతా ఉండగా
ఆయన రాత్రి డ్యూటీ నుంచి వచ్చినాడు.
గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకొని
చాలాసేపు తాగలేదు.
ఎట్లా వచ్చిందని అడగలేదు,
నేనూ చెప్పలేదు.
అత్త రెండో గుక్కకే
చక్కెర ఎక్కువైందని తప్పు పట్టింది.
నాకు ప్రాణం లేచొచ్చింది.

కొత్త రసీదు తెరిచినా.
మొదటి వరస: ఆర్ముగానికి బాకీ, తొంభై అయిదు.
రెండో వరస: దాముకు బాకీ.
దాని ఎదురుగా ఎంతని రాయాలో తేలక
పెన్ను మూత పెట్టి
ట్యాంకరు హారన్ వినబడితే బిందెలు తీసుకొని పోయినా.

ఆ కాయితం కింద
కార్బన్ పెట్టలేదు.