ఆస్తి జాబితా, నాలుగో పీరియడ్

పటం మీద సుద్దముక్కతో అడ్డంగా ఒక గీత గీశాను.
పైన ఉత్తరం, కింద దక్షిణం,
గీత మీదే మన ఊరు, అన్నాను.
అంతే, ఎనిమిదో తరగతి రెండు జట్లయింది.
కిటికీవైపు చప్పట్లు, తలుపువైపు ఈలలు.
"స్కోరెంత సార్?" వెనకబెంచీ నుంచి ట్రిప్.
చచ్చిపోయినవాళ్ళు ఆరు లక్షల పైన, అన్నాను.
ఏ జట్టులో అని అడగబోయి ఆగిపోయాడు.

ఈ గదిలోంచి ఒహైయో నది కనిపిస్తుంది.
మేం కెంటకీ. అవతలి ఒడ్డు ఇండియానా.
మా పిల్లలకి అక్కడ పళ్ళ డాక్టరు, స్కేటింగు రింకు,
గ్యాలనుకి పది సెంట్లు తక్కువ పెట్రోలు.
వంతెన దాటడానికి మూడు నిమిషాలు,
అదీ ముందు లారీ ఉంటే.

పాఠ్యపుస్తకం యుద్ధానికి మూడు కారణాలు చెబుతుంది,
మూడూ ఒకే బరువు,
కొట్లో తూచి కట్టిన పొట్లాల్లా.
పుస్తకాలు మూయించి
కౌంటీ కోర్టు నేలమాళిగలో దొరికిన కాగితం నకళ్ళు పంచాను.
పద్దెనిమిదివందల యాభై మూడు, నవంబరు. పొగాకు రైతు పోయాడు.
ఇంట్లో ఉన్నవన్నీ రాశారు ముగ్గురు పెద్దమనుషులు:

కంచరగాడిద, కుంటిది, నలభై డాలర్లు.
గోడగడియారం, ఆరు.
వీనీ అనే పిల్ల, పన్నెండేళ్ళు, నాలుగువందల యాభై.
ఈకల పరుపు, ఎనిమిది.

ముత్యాల్లాంటి చేతిరాత. ఒక్క కొట్టివేత లేదు.
గడియారం పక్కన మాత్రం చిన్నగా: నడవదు.

కోల్బీ లెక్కల్లో చురుకు.
"గాడిద కంటే పదకొండు రెట్లు ఎక్కువ సార్, ఆమె!" అన్నాడు,
పాపం, ఆమె పరువు నిలబెట్టాననుకుని.
ఎవరూ నవ్వలేదు.
వాడి చెవులు ముందు ఎర్రబడ్డాయి,
ఎందుకో వాడికి తర్వాత తెలిసింది.

రైతు ఇంటిపేరు క్రచర్.
నా హాజరుపట్టీలో క్రచర్లు ఇద్దరు.
కోల్బీ క్రచర్. జనీసా క్రచర్.
ఆగస్టు నుంచి ఒకరి వెంట ఒకరిని పిలుస్తున్నాను,
అక్షరక్రమం తప్ప వేరే చుట్టరికం లేనట్టు.

జనీసా ఆ మూడో వరస మీద వేలు పెట్టి ఉంచింది.
"ఈ డబ్బు ఎవరికి వెళ్ళింది?"
పెద్దకొడుక్కి.
"ఈమెకేమైంది?"
తెలీదమ్మా. రెండో పేజీ లేదు.
"నది అప్పుడూ ఇక్కడే ఉందిగా?"
ఇక్కడే ఉంది.
"ఆమెకి కనపడేదా?"
వంటింటి గుమ్మంలోంచి, అన్నాను.
ఆ ఇల్లు చూశాను. ఇప్పుడు పెళ్ళిళ్ళకి అద్దెకిస్తున్నారు.

అన్నదమ్ములు తర్వాత చెరోవైపూ చేరారు.
చిన్నవాడు దక్షిణం నుంచి ఉత్తరానికి రాసిన ఉత్తరం
ఒకే ఒక్కటి మిగిలింది.
అందులో అమ్మ కీళ్ళనొప్పులున్నాయి,
గుర్రం యోగక్షేమాలున్నాయి,
నిన్ను చూస్తే కాలుస్తానో కౌగిలించుకుంటానో తెలీదన్న మాటా ఉంది.
వీనీ లేదు.

అప్పటిదాకా నోరు విప్పని అమ్రా అంది
(వాళ్ళ నాయనమ్మ బోస్నియా నుంచి ఒక్క సూట్‌కేసుతో వచ్చింది):
"మా ఊళ్ళోనూ వంతెన ఉండేదట సార్.
అవతలివాళ్ళదీ మా భాషేనట.
తిట్లు అర్థమయ్యేవి, అదే బాధ అంటుంది."
దానికి నా దగ్గర జవాబు లేదు. గంట మోగి కాపాడింది.

శుక్రవారం పరీక్ష. ప్రశ్న నాది కాదు, జిల్లా ఆఫీసుది:
యుద్ధానికి మూడు కారణాలు రాయుము.

కోల్బీ మొదటి గీత మీద రాశాడు: బానిసత్వం.
రెండో గీత మీద: పైదే, చొక్కా మార్చుకుంది.
మూడో గీత మీద ఏదో రాసి చెరిపేశాడు.
కాగితం దీపానికి అడ్డంపెట్టి చూశాను,
నొక్కి రాసిన చోట గాటు మిగిలింది:
పదకొండు రెట్లు.

జవాబుపట్టీ ప్రకారం వాడికి మూడోవంతు మార్కులు.
వేశాను.
పెన్సిలుతో.