నాచు సంచి

డిసెంబరు మొదటివారం,
ఆండీస్ పడమటి వాలు మీద
మేఘం ఇంకా పక్క దిగని వేళ
ఒతీలియా అత్త వెనకాల నడిచేదాన్ని.
ఆమె భుజాన రెండు ఖాళీ గోనెసంచులు,
నా చేతిలో బెల్లంనీళ్ల సీసా, ఇంకా వెచ్చగా.

కింద ఊళ్లో పండగ.
ఇంటింటా బాలయేసు బొమ్మల కొలువు.
పశువులకి పచ్చిక కావాలి, గొల్లలకి కొండ కావాలి,
అద్దంముక్క చెరువుకి ఒడ్డు కావాలి.
అవన్నీ మాకు చెట్ల ఒంటి మీదే దొరికేవి.

అక్కడ వాన పడదు, కాపురముంటుంది.
మాను మీద నాచు, నాచు మీద ఫెర్న్,
దాని చంకలో గోరంత ఆర్కిడ్ పువ్వు.
అత్త వేళ్లు లోపలికి పోనిచ్చి
నిద్రపోయేవాడి దుప్పటి లాగినట్టు లాగేది.
చెట్టు కింద ఎంత తెల్లగా ఉంటుందో
అప్పుడే మొదటిసారి చూశాను.

టిక్.
కొంచెం ఆగి, టిక్ టిక్.
మా చెట్టుకే అవతలివైపు
ఇంకెవరో నాచు పీకుతున్నారు.

ఎండుటాకు రంగు పిట్ట.
రొమ్ము మీద ఆరని చినుకుల్లాంటి మచ్చలు.
తోక ఈకల చివర ముళ్లు, వాటిని బెరడుకి గుచ్చి
ఒక అడుగు, ఒక ఊత.
పిసరంత నాచు లాగి పారేసి
కింద దాక్కున్న సాలీడుని మింగి
మాను చుట్టూ మెలితిరుగుతూ
మేఘంలోకి ఎక్కిపోయింది.

"మరి దిగదా?"
"ఎక్కడమే దాని పని. పైదాకా పోయి
గాల్లోకి వదిలేసుకుంటుంది.
పక్కచెట్టు మొదట్లో వాలి, మళ్లీ మొదటినుంచీ."
అత్త పళ్లతో తాడు బిగించి పట్టుకుని చెప్పింది,
సగం మాటలు తాడుకే పోయాయి.

పక్కచెట్టు మేం నిన్న ఒలిచింది.
పిట్ట అక్కడే వాలింది.
ఎక్కుతూ ఒకచోట ముక్కు పెట్టి చూసింది,
ఇంకోచోట, ఇంకోచోట,
నెలాఖరున వంటింట్లో
డబ్బాల మూతలన్నీ తీసి చూసే మనిషిలా.
కొమ్మదాకా పోలేదు. మధ్యలోనే ఎగిరిపోయింది.

అత్త చూసింది. ఏమీ అనలేదు.
ఆరోజు ఒక సంచే నిండింది.
రెండోది మడిచి నెత్తిన వేసుకుంది,
వానకట.

శనివారం సంతలో
లేసు చేతిరుమాలావిడ నాచు గిల్లి చూసి
కెవ్వుమంది. లోపలినుంచి
పల్చటి కాళ్ల సాలీడు బయటపడి
తక్కెడ మీదుగా పరుగు.
చెప్పు ఎత్తారెవరో. అత్త అరచెయ్యి అడ్డం పెట్టింది.
అగ్గిపుల్లలన్నీ నా ఒళ్లో దులిపి
ఖాళీ పెట్టెలో దాన్ని మూసి
రువానా కింద, చొక్కా జేబులో దాచుకుంది.

"ఎందుకత్తా అది?"

"అప్పు," అంది,
తడిచేత్తో చిల్లర లెక్కపెట్టుకుంటూ.