ముప్పావించి

నయీంనగర్ల హాస్టలు పని ఒడిసినంక
మూరెడు ముక్క మిగిలింది.
ముప్పావించి పైపు, తెల్లది, మందంది.
పారేయ మనసొప్పలే, సంచిల ఏసుకొచ్చిన.

ఇరవై ఏడేండ్ల సంది నా పని
పొక్కలు మూసుడు.
కారేదాన్ని కారకుంట జేసుడు.
గసొంటి చెయ్యి
మంచిగున్న పైపుకు
ఏడు పొక్కలు వెట్టింది.
డ్రిల్లు దిగుతాంటే కొబ్బరి తురుము లెక్క
తెల్లటి చుట్టలు లేసినయి.
ఒక దిక్కు ఎండ్ క్యాపు కొట్టి
ఊదిన.

కుక్కరు కూతకు ముందు జేసే సప్పుడు.

పక్కింట్ల నర్సవ్వ బీడీలు చేస్తది.
ఒళ్లె చాట, చాటల తునికాకు,
పొద్దంత కత్తెర కిచకిచ.
తల ఎత్తకుంటనే అన్నది:
"ఓదెలూ, నీ నల్లకు వాషరు వోయినట్టున్నది."

హార్డ్‌వేర్ షాపుల రాజలింగం సేటు నవ్విండు.
"ములుగు తొవ్వల బొంగు దొరుకది?
ప్లాస్టిక్కుకు పానముంటదా?"
బొంగుకు మాత్రం ఊదకముందు ఉంటదా అని
ఇంటికొచ్చినంక యాదికొచ్చింది జవాబు.

మిర్చి బస్తాలు దిగే రోజులు.
మా గల్లీకి మార్కెట్ యార్డు గోడ అడ్డం,
ఘాటుకు ఏ గోడా అడ్డం గాదు.
ఒక ఊదుడు, రెండు దగ్గులు.
ఆ దగ్గుల నడుమ నేర్సుకున్న:

క్యాపు మరీ ఎన్కకున్నది.
పాత హవాయి చెప్పు కోసి గుండ్రంగ చెక్కి
పుల్లతోని లోపటికి నెట్టిన,
ఊదే పొక్కకు బొటనేలు మందం దూరంల ఆపిన.
పైగొంతు, కిందిగొంతు కొట్లాట బందువెట్టినయి.

డ్రిల్లు ఇడిసిన పొట్టు పొక్క అంచుకు ఉంటది,
కంటికి ఆనది, నాలికకు తగుల్తది.
బ్లేడుతోని గీకిన.
అంచు మొండిగ గావద్దు, పదునుండాలె.
లోపట మాత్రం ఓరకు చెక్కాలె
పందికొక్కు బొక్క లెక్క,
పైకి చిన్నగ, లోపట ఎడల్పుగ.

ఇంత జేస్తే సుత
సగం గాలే ఇనవడుతాంది.

మా పనిల ప్రెషరే దేవుడు.
మూడో అంతస్తుకు నీళ్లెక్కకుంటే
ఇంకో మోటరు వెట్టు, అంతే.
నా నోట్లె సుత గదే మోటరు.
నరాలు ఉబ్బేదాంక ఊదుడు,
కండ్లు తిరిగితే కూసునుడు.

ఆయింత జరమొచ్చింది.
మూడొద్దులు పన్న.
నాలుగో నాడు దమ్ము లేదు, కరెంటు లేదు,
చేతికి ఊకె ఉండబుద్ధి గాలే.
పైపు పెదిమెకు ఆనిచ్చి
వేడి చాయె మీద ఊదినట్టు,
గది సుత చాయె మీద గాదు, గిలాస అంచు మీద,
ఇడిసిన.

పైపు లోపట ఎవలో లేసి కూసున్నరు.

ఆరు వేళ్ల కింద ఆరు పొక్కలు
సన్నగ వణికినయి.
శానా రోజులు బందున్న లైన్ల
ఉమ్మి ఉమ్మి, దగ్గి దగ్గి,
గాలంత వోయినంక
నీళ్లు ఒక్కతీరుగ వస్తయి సూడు,
గట్ల.

అవతల కత్తెర ఆగింది.

ఇన్నేండ్లల్ల నర్సవ్వ కత్తెర
గల్లీల ఎవలన్న సచ్చినప్పుడు దప్ప
పొద్దుమీకకముందు ఆగంగ ఇనలే.
గా భయానికే నా పెదిమె జరిగింది.
మళ్ల గాలి.
మళ్ల కుక్కరు.

గోడ మీదికెల్లి నర్సవ్వ తలకాయ,
ఎంటికలల్ల ఆకు పొట్టు:
"ఏందిరా, బందు జేసినవు?
ఇప్పుడిప్పుడే
మంచిగ వస్తాండె గద నీళ్లు."