గాలివాటం

మా షెడ్డు పెందుర్తి అవతల, రేకుల కప్పు.
వానొస్తే ఆరు కుక్కలూ నేనూ
ఒకే మూలకి చేరతాం.

గవ్వకి పద్నాలుగు నెలలు పట్టింది.
కూర్చో, ఆగు, ఎడమ, కుడి...
అవి పది రోజుల పని.
మిగతా కాలమంతా
వద్దు అనుకోవడం నేర్పడానికే.
పిల్లి వద్దు. బంతి వద్దు.
జగదాంబ దగ్గర ఎవరో పారేసిన ఐస్‌క్రీం పుల్ల వద్దు.
కాంప్లెక్సులో బస్సు హారన్ కొడితే
తోక ముడవడం వద్దు.
నా చేతిలో బిస్కెట్టు కూడా
నేను పిలిచేదాకా లేనట్టే.

అన్నిటికన్నా కష్టం చేపలరేవు.
తెల్లారి నాలుగున్నరకి
బోట్లు దింపిన వంజరాల మధ్య నుంచి,
ఐసు నీళ్ళలో జారిపడ్డ నెత్తళ్ళ మీదుగా,
ముక్కున్న ప్రాణి ముక్కు లేనట్టు నడవాలి.
మొదటి నెల ఇద్దరం ఓడిపోయాం.
రోజుకో కానాగంత ఖరీదు
ఎవరో ఒకరికి కట్టేదాన్ని.

గవ్వ వెళ్ళవలసిన చోటు అదే మరి.
గరికిన పోలమ్మ,
ముప్ఫై ఏళ్ళు వేలంపాట పాడిన గొంతు.
షుగరు కళ్ళు రెండూ పట్టుకుపోయింది,
గొంతు జోలికి పోలేదు.
"నాకు కుక్కేటి? ఏ బోటు ఎవలిదో
వాసన సూసి సెప్తాను" అంది.
మర్నాడు తనే కబురు పెట్టింది.
చెయ్యి పట్టుకుని నడిపించేవాళ్ళు
చెవిలో ధర తప్పు చెప్తున్నారట.
"కుక్కయితే లెక్కలు రావు గదా."

అప్పగించే ముందు ఒక పాఠం మిగిలింది.
మాట వినడం నేర్పిన నోటితోనే
వినకపోవడం నేర్పాలి.
ముందు గొయ్యి. పద అంటాను.
కదలకపోతే మెచ్చుకుంటాను.
పద అని అరుస్తాను, తిడతాను,
ఏడుపు నటిస్తాను.
గవ్వ నా కాళ్ళకి అడ్డం పడుకునేది.
నా కోపం నిజమో అబద్ధమో తెలీక
దాని చెవులు వణికేవి.
ఆ రోజుల్లో రాత్రిపూట
నాకు అన్నం సహించేది కాదు.

పట్టీ ఆమె చేతికిచ్చాక
నేను లేనిదాన్నైపోవాలి.
పిలవకూడదు, కనపడకూడదు.
కళ్ళని తప్పించుకోవడం తేలికే.
ముక్కుని తప్పించుకోవాలంటే గాలి తెలియాలి.
తెల్లవారుజామున అది కొండల మీంచి సముద్రానికి పోతుంది,
నేను నీటివైపు, ఐసు డబ్బాల వెనక.
పొద్దెక్కితే సముద్రం దాన్ని తిప్పి పంపుతుంది,
నేను రోడ్డువైపు, వలలు అల్లేవాళ్ళ మధ్య.
మూడు వారాలు అలా
గాలి చాటున బతికాను.

ఆఖరి రోజున
జెట్టీ మీద పలక ఒకటి లేపి పెట్టారు, మరమ్మతుకి.
"పద" అంది పోలమ్మ.
గవ్వ ఆగింది.
"పదవే, అవతల పాట మొదలైపోనాది."
గవ్వ అడ్డం పడుకుంది.
ఆమె తిట్టిన తిట్లు నేనిక్కడ రాయను.
అరవడానికి ఊపిరి పీల్చాను,
అంతలో ఆమె కర్ర చాపింది.
కర్ర కిందికి పోయింది,
పోయి, పోయి, నీళ్ళకి తగిలింది.

ఆ పూట పాట ఆమె లేకుండానే అయిపోయింది.
తడి నేల మీదే కూర్చుని
దాని చెవి పట్టుకుని
చాలాసేపు ఏదో బేరమాడింది.

గాలి ఎప్పుడు తిరిగిందో నేను చూసుకోలేదు.
గవ్వ తల ఎత్తింది.
తోక ఒక్కసారి నేలని కొట్టింది.
అంతే.
ఆమె పాదం మీద గడ్డం ఆన్చి
వద్దు అనుకుంది.

"ఓలమ్మీ!"
వేలం గొంతుతో కేకేసింది పోలమ్మ.
"అమృతాంజనం పూసుకున్న మనిసీ!
మూడు వారాల్నుంచి సూత్తన్నాను,
ఐసు డబ్బాలన్నీ నీ వాసనే.
మోకాళ్ళకి ఆవనూనె కాసి రాయి.
ఇంక ఇంటికెల్లు.
మాకు పనుంది."