మొహం లేని గుర్రం

బార్లీ, ఉప్పు, రొట్టెల్లో వేసే షాజీరా
ఉండాల్సిన అరలో
పద్నాలుగు చదరంగాలున్నాయి నాకు.
పదిహేనోది మంచం కింద.
దాని సంగతే ఇది.

లీపాయాలో ముప్పై ఒక్క ఏళ్ళు ట్రాము నడిపాను.
పట్టాలు ఎటు పోతే అటు పోయినదాన్ని.
అందుకేనేమో, ఇంటికి రాగానే
గుర్రాన్ని చేతిలోకి తీసుకోవాలనిపించేది,
బల్ల మీద వంకరగా దూకే ఆ ఒక్క ప్రాణిని.

జబ్బు అంటాడు కింది ఇంటి ఒయార్స్.
కాదు, ఒక్కోటీ ఒక్కో పనికి.
అడుగున సీసం పోసిన బిర్చ్ కర్రది
నిదానం ఆటలకు.
పావు పెడితే టక్కుమనాలి,
ఎత్తు వేసినవాడి గుండె ఎంతో
ఆ చప్పుడులోనే తెలుస్తుంది.
ప్లాస్టిక్‌ది ఆరంభాలు బట్టీ పట్టడానికి,
కింద పడ్డా కన్నీళ్ళు పెట్టక్కర్లేదు.
అయస్కాంతాలది డాక్టరు గది ముందు వరసలోకి.
ఇంకోటి అంబరుదని అమ్మారు. లక్క.
నల్లవీ తేనె రంగే, తెల్లవీ తేనె రంగే,
ఎవరు ఎవరి మీదికి పోతున్నారో
వాళ్ళకే తెలియాలి.

నవంబరు సంతలో, తుప్పు స్కేట్ల కింద
ఒక పెట్టె దొరికింది.
"తెల్ల గుర్రం ఒకదానికి తల లేదు" అంది మిర్ద్జా,
"అందుకే రెండు యూరోలు."
నిజమే. మెడ దాకా అరగదీసి
పైన ఒక పూస అతికించారెవరో.
పెట్టె అడుగున, మడతల్లో మెత్తబడ్డ కాగితం:
తెల్లవి వాల్డిస్, నల్లవి ఇల్గా,
డెబ్భై ఒకటో సంవత్సరం, ఫిబ్రవరి.
పిల్లల రాత. ఏడు అంకెల నడుముకి
బెల్టులా అడ్డగీత.

బిర్చ్ సెట్టు మీద పేర్చాను.
ఇరవై రెండు ఎత్తులు బుద్ధిగా నడిచాయి.
ఇరవై మూడు:
శకటు, ఇ-రెండు నుంచి హెచ్-ఐదు.
ఇ-రెండులో శకటు లేదు. గుర్రం ఉంది.

మూడు రాత్రులు.
వెనక్కి నడిపాను. ప్లాస్టిక్ మీద చూశాను.
పెన్సిలు చెరిగిందేమోనని
కాగితాన్ని దీపానికి అడ్డం పెట్టి చూశాను.
లిండెన్ టీ మీద చర్మం కట్టింది.
"పసివాళ్ళు, రాయడం రాక రాసుంటారు, వదిలెయ్"
అన్నాడు ఒయార్స్.
వదిలేద్దును.
కానీ ఇల్గా జీ-ఆరు బంటుతో దాన్ని అదిలించింది,
అది మూలగా ఎఫ్-మూడుకి తిరిగొచ్చింది.
ఆ తర్వాతవన్నీ సరిగ్గా ఉన్నాయి,
అది శకటే అయితే.

నాలుగో రోజు బిర్చ్ పావులకి నూనె రాసి
ఆరబెట్టాను. వేరే దారి లేక
ఆ పెట్టెలోవే పేర్చాను.
నాలుగున్నరకే చీకటి, ఒక్కటే బల్బు.
ఇరవై మూడో ఎత్తుకి
నా చెయ్యి తనంతట తనే పోయింది,
ఇ-రెండు మీది శకటును ఎత్తి
మూలగా జరిపి హెచ్-ఐదులో పెట్టేసింది.
వేలికి పూస చల్లగా తగిలింది.

అప్పుడు నవ్వొచ్చింది. ఒక్కదాన్నే, గట్టిగా.
ముప్పై ఒక్క ఏళ్ళలో ఒక్క సిగ్నలు తప్పని దాన్ని.
వాల్డిస్‌కి కనబడలేదు,
ఎదురుగా కూర్చున్న ఇల్గాకీ కనబడలేదు,
కిందనేమో ఇద్దరూ సంతకాలు చేశారు.
మూడు శకట్లతో ఆడి కూడా
ముప్పై ఎనిమిదో ఎత్తుకి కట్టుబడిపోయాడు పిల్లాడు!

లిండెన్ కర్రతో గుర్రానికి
కొత్త తల చెక్కిస్తానన్నాడు ఒయార్స్.
వద్దన్నాను.
తల పెడితే ఈ ఆట ఆడటానికి
లోకంలో ఇంకో బల్ల ఉండదు.

ఒక్కటి మిగిలింది.
ముప్పయ్యో ఎత్తులో ఇల్గా
తన ఏనుగును ఊరికే వదిలేసింది.
దానికి పూస లేదు, విరుపు లేదు,
ఏ సెట్టు మీద పెట్టినా ఏనుగే.
ఎందుకో ఇంకా తెలియలేదు.
పెట్టె తియ్యాలి మళ్ళీ,
నీళ్ళు కాగుతున్నాయి.