కత్తెరపడ్డ ముక్క

టార్టూలో ఫిబ్రవరి. డబ్బా మూత తీస్తే
పుల్లటి వెనిగర్ వాసన.
సమష్టి వ్యవసాయ క్షేత్రం, జెండాలు, చప్పట్లు
అవన్నీ అప్పుడే వాడేసుకున్నారు.
నాకు మిగిలింది
కత్తెరపడ్డ బారెడు ముక్క:
తలగుడ్డ కట్టుకున్నావిడ
కెమెరాకేసి విసుగ్గా ఏదో అంటుంది.
నాలుగు సెకన్లు. మాట వినబడదు.

పుట్టు చెవిటి మైము గారు
ఆ పెదాలు చదివి, పకపకా నవ్వి,
చేతులతో చెప్పారు:
"తొందరగా కానీండి బాబూ,
అక్కడ మా ఆవు ఈనుతోంది."

మూడు వారాలు వెతికాను.
వేరే ఊరి రీలు, వేరే ఏడాది.
తడి ఆరని లేగ
లేవబోయి, పడి, మళ్ళీ లేచింది.
రెంటినీ టేపుతో అతికించాను.

అబద్ధమే.
అయినా అరవయ్యేళ్ళుగా
కెమెరా ముందు నిలబడిపోయిన మనిషిని
ఇంటికి పంపొద్దూ?