ఆట ఇచ్చిన బండి

రాజు రోడ్డు పక్కసందులో జిరాక్సు షాపు నాది.
పగలంతా పంట బీమా ఫారాలు, హాల్‌టికెట్లు,
ఆధార్ కార్డుకు రెండువైపులా.
రాత్రి తొమ్మిదిన్నరకు షట్టరు సగం దించి
మూలనున్న పాత కంప్యూటర్లోంచి
ఇంకో ఊరికి పోతాను.

ఆ ఊళ్ళో ఎప్పుడూ రాత్రే. ఎప్పుడూ వానే.
నూనె రాసిన పెనంలా మెరుస్తుంటాయి రోడ్లు.
అనంతపురంలో పుట్టిన కళ్ళు కదా,
మొదటి వారం పందెం సంగతే మరిచి
అద్దం మీద వైపర్లు ఆడడం చూస్తూ కూచున్నాను.

ఆట మొదట్లో అందరికీ ఇచ్చే బండి ఒకటుంది.
ఉత్తినే ఇస్తారు కాబట్టి
ఉత్త బండే.
నాలుగు తలుపులు, పలచని రేకు,
మూడో గేరులో దగ్గు.
రెండు పందేలు గెలిచి దాన్ని వదిలించుకుని
మంచిది కొనుక్కోవాలట.
నేను అమ్మలేదు.
పంతమేం కాదు, మొదట్లో.
అమ్మే బటన్ ఎక్కడుందో తెలియలేదు, అంతే.
తెలిసేసరికి ఆ దగ్గు అలవాటైపోయింది.

కుళ్ళాయప్ప వస్తాడు, ఎదురు సందులో
పకోడీ బండి మూసేసి,
మిగిలిన పొట్లం చేతిలో పట్టుకుని.
"ఏందక్కా, అంత లెక్క పెట్టుకోని
ఈ డబ్బాలోనే తిరుగుతాండావు?"
తెర మూలన నా లెక్క
నలభై ఎనిమిది లక్షల చిల్లర.
సొరుగులో నా లెక్క
మూడువందల నలభై, చినిగిన ఇరవై ఒకటి.

ప్రతి పందెం తరవాతా ఆట అడుగుతుంది.
ఎర్రది చూపిస్తుంది, పచ్చది చూపిస్తుంది,
నేలకు కడుపానించిన తొండలాంటిది చూపిస్తుంది.
కొంటావా?
వద్దు.
నిజంగానే వద్దా?
చీటీల శేషమ్మ కూడా ఇన్నిసార్లు అడగదు.

నిటారు రోడ్డు మీద మాకేమీ లేదు.
అది పెద్ద ఇంజన్లున్నోళ్ళది.
మలుపుల్లోనే మా బతుకు.
వాళ్ళు బ్రేకు తొక్కేచోట నేను తొక్కను.
తొక్కాల్సినంత వేగం నాకుంటే కదా!

చివరి పందెం నల్లబండి వాడితో.
పేరు లేదు, తలుపు మీద పుర్రె బొమ్మ.
నలభై ఒక్కసార్లు ఓడిపోయాను.
ఎవరిదో పాసుబుక్కు, మసకబారి చెడిపోయిన జిరాక్సు,
సర్వే నంబరు రెండువందల పద్నాలుగు,
దాని వెనక పెన్సిలు గీతలు, ఐదేసి కట్టలుగా.
ఓడి ఓడి ఒకటి కనుక్కున్నాను:
వంతెన కింద మూడో స్తంభం దగ్గర
ఎడమ చక్రాన్ని ఫుట్‌పాత్ ఎక్కిస్తే
ఎవరూ చూడని సందు ఒకటుంది.
తొండలు పట్టవు అందులో.
రేకుడబ్బా పడుతుంది.

నలభై రెండోసారి, ఆఖరి చుట్టులో,
కరెంటు పోయింది.
యూపీఎస్ కీచుమని ఏడుపందుకుంది.
మంచిరోజైతే నాలుగు నిమిషాలుంటుంది.
సందంతా చీకటి.
వెలుగుతున్నదంతా మా వానే.
పకోడీ నోట్లోనే పెట్టుకుని కుళ్ళాయప్ప
నమలడం మానేశాడు.
మూడో స్తంభం.
చక్రం ఎక్కింది. అద్దం ఒకటి రాలింది.
దగ్గుకుంటూ దగ్గుకుంటూ
మూతి పొడవంత ముందు.

వాడి నల్లబండి తాళాలు తెర మీద గిరగిరా తిరిగాయి.
ఇది నీదే. తీసుకుంటావా?
నా వేలు ఎటు పోయేదో నాకే తెలీదు.
తెర ఆరిపోయింది.

కాసేపు ఇద్దరమూ చీకట్లో.
"గెల్చినామా అక్కా, లేదా?
అది రాసుకునిందా?"
"నువ్వు చూసినావు కదప్పా."
"చూసినా."

తాళం వేసి బయటికొచ్చాం.
రోడ్డు మీద చుక్క తడి లేదు,
దుమ్ము, వేడి, ఎండిన చెనిక్కాయ పొట్టు.
వాడు మాత్రం మెట్టు దిగుతూ
లుంగీ అంచు కాస్త పైకెత్తి పట్టుకున్నాడు.